ఇంటి ముంగిట విమానం

విమానమనగానే మనకు మొదట స్ఫురించేది పుష్పకం. అది కుబేరుని సొత్తు. రావణుడు దానిని అపహరించినాడు. యుద్ధానంతరం శ్రీరాముడు దానిపై అయోధ్యకు తిరిగి వచ్చినాడు. ఎక్కినవారి కథలు మనకు కంఠస్థములే. కాని నిర్మించిన విశ్వకర్మను తలచుకొనేవారు అరుదు. ఈనాటి ప్రసంగం విమానాన్ని తామే కల్పించుకొని, తామే ఎక్కినవారిని గురించి.

1909 జూలై 25న ఫ్రెంచివాడైన లూయీ బ్లేరియో ఇంగ్లీషు కాలువను విమానంలో దాటినాడు. ఆ వార్త మద్రాసులో ఒక హోటలు యజమానిని ఊరకుండనీయలేదు. ఆయన పేరు జాకొమో డి ఆంజెలిస్, కార్సికా ద్వీపంవాడు. వృత్తి మిఠాయిలు, విందు భోజనాలు. అయినా తానే నమూనా గీసి, బండ్ల తయారీలో పేరుపొందిన సింప్సను కంపెనీవారిచేత ఒక చిన్న విమానం చేయించినాడు. 1910 మార్చిలో పల్లావరంలో దానిని ఎగురవేసి చూచినాడు. పిదప ఐలండు మైదానంలో, టిక్కెట్టు కొని వచ్చిన ప్రజల యెదుట ఎగిరినాడు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదునుండి నైనీకి ఉత్తరాలు మోసిన విమానాన్ని మన చరిత్రలన్నీ స్మరిస్తాయి. అంతకు దాదాపు ఏడాది ముందే జరిగిన ఈ మద్రాసు ముచ్చట మాత్రం మరుగున పడ్డది. నాడు కోస్తా, రాయలసీమ తెలుగువారికి ఆ నగరమే రాజధాని అని మరువరాదు.

ఆ కాలముననే బ్రెజిలు దేశస్థుడు సాంతోస్ ద్యుమాఁ పారిసులో 'దెమొయ్‌సెల్', అనగా తూనీగ, అనే బుల్లి విమానం చేసినాడు. దాని నడుమునకు ఆధారం వెదురు బొంగులే. ఆయన దానిపై హక్కులు కోరక, ఎవరైనా చేసుకోవచ్చునని ప్రకటించినాడు. వెదురు మన ఆదిలాబాదు అడవులకు కొత్త కాదు. సిరిపూరు మిల్లు ఆ వెదురుతోనే కాగితం చేసినది. నిర్మల్ నకాషీ పనివారు తేలికైన పొణికి చెక్కను బొమ్మలుగా మలుస్తారు. తేలికదనాన్ని, గట్టిదనాన్ని ఒకచోట కూర్చడమే తొలి విమాన నిర్మాతల విద్య కూడా. కర్ర చట్రం, దానిపై గుడ్డ, ఆ గుడ్డ బిగిసేటందుకు ఒక పూత, అంతే.

అయితే ఉత్సాహమొక్కటే చాలదు. 1934లో ఫ్రాన్సులో హెన్రీ మిన్యే 'ఆకాశపు పేను' అనే తన విమానాన్ని ఇంట్లో చేసుకొనే విధానాన్ని పుస్తకంగా వెలువరించినాడు. ఐరోపాలో ఎందరో పెరట్లలో, కొట్టాలలో దానిని నిర్మించినారు. కొందరు మరణించినారు. 1936లో గాలి సొరంగంలో పరీక్షిస్తే కారణం బయటపడ్డది. ముక్కు బాగా క్రిందికి వాలినప్పుడు ముందు రెక్క, వెనుక రెక్కల నడుమ గాలి ప్రవాహం చెడి, విమానం తిరిగి లేవకున్నది. దోషం చేసిన చేతులది కాదు, నమూనాది. ప్రాణాలు మాత్రం చేసినవారివే.

ఆ గుణపాఠం వృథా కాలేదు. 1953లో అమెరికాలో పాల్ పోబెరెజ్‌నీ ఇంటి విమాన నిర్మాతలకు ఒక సంఘాన్ని స్థాపించినాడు. క్రమంగా, పరీక్షించిన నమూనాలకు కత్తిరించిన అల్యూమినియం భాగాలను పెట్టెలలో పంపే పద్ధతి వచ్చినది. సగానికి మించిన పని ఔత్సాహికులే చేయవలెనని, పూర్తి అయినపిమ్మట అధికారి తనిఖీ కావలెనని అక్కడి నిబంధన. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ ప్రారంభించిన సంస్థ పెట్టెలనుండి పుట్టి ఆకాశానికెగిరినవి పదివేలకు పైబడినవి. మన దేశంలో అమోల్ యాదవ్ అనే విమాన చోదకుడు ముంబయిలో మేడపైన ఆరుగురు కూర్చునే విమానాన్ని నిర్మించి 2016లో ప్రదర్శించినాడు. ఏండ్ల తరబడి ప్రయత్నించిన పిదప 2017లో దానికి రిజిస్ట్రేషను లభించినది.

మంచిర్యాలకు సమీపమున, గోదావరి ఆవల, బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం కోసం వేసిన విమానపు బాట ఒకటున్నది. దానిని చూచిన కుర్రవాడెవడైనా తానూ ఒక విమానం చేయవలెనని కలగంటే నవ్వకండి. ఒకప్పుడు మన ఇండ్లలో పిల్లలు విడిభాగాలు తెచ్చి రేడియో బిగించేవారు. ఒక తీగ తప్పితే ఫలితం నిశ్శబ్దమే. విప్పి మళ్ళీ బిగించవచ్చును. విమానంలో ఒక మర తప్పితే మళ్ళీ అవకాశం లేదు. కనుక ఆ కుర్రవానికి మనం చెప్పవలసినది "వద్దు" అని కాదు. "ఎగిరేముందు ఇంకొకరిచేత చూపించుకో" అని.