నేల టికెట్టుకు పద్యనాటకం

మనం భక్త రామదాసు అనే కంచెర్ల గోపన్న పుట్టింది నేలకొండపల్లిలో. తహశీల్దారుగా చేసింది పాల్వంచ పరగణాలో. గుడి కట్టించింది భద్రాచలంలో. మూడూ మొన్నమొన్నటిదాకా ఒక్క ఖమ్మం జిల్లాయే. ఆయన కథను రామదాసు నాటకంగా రాసిన ధర్మవరం గోపాలాచార్యులు మాత్రం బళ్ళారి నాటకరంగానికి చెందినవారు. పద్యనాటకానికి పుట్టిల్లు ఎక్కడైనా కావచ్చు, దాన్ని ఊరూరా మోసేవాళ్ళుంటేనే జనానికి చేరేది. అలా మోసినవాళ్ళలో సురభివాళ్ళ తర్వాతే ఎవరైనా.

వాళ్ళు మొదట తోలుబొమ్మలాట కుటుంబాలు. ఇంట్లో మరాఠీ, రంగమెక్కితే గ్రాంథికం! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించారు. బొమ్మల చోట మనుషులొచ్చారు, ఊరి పేరే ఇంటిపేరైంది. మగవాళ్ళు చీరకట్టి మెప్పించే కాలంలో సురభివాళ్ళు తమ ఇంటి ఆడవాళ్ళనే రంగమెక్కించారు. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన కమలాబాయి ఆ ఇంటి బిడ్డే.

సురభి దిగిందంటే ఒక చిన్న ఊరు దిగినట్టే. రేకుల హాలు, రంగుల తెరలు, తాళ్ళు, తీగెలు, హార్మోనియం, వంటపాత్రలు, పసిపిల్లలు. ఆ పిల్లలే పెద్దయ్యాక కృష్ణుడూ శశిరేఖా. ‘మాయాబజార్’లో లడ్డూలు ఎగిరొచ్చి ఘటోత్కచుడి నోట్లో పడేవి. ఈ గారడీ పద్యాన్ని మింగేసిందని పండితులు కొందరు ఈసడించారు. నాకలా అనిపించదు. లడ్డూ కోసం వచ్చి నేల మీద చతికిలబడ్డవాడే, తనకు చదవడం రాకపోయినా, పద్యానికి వన్స్‌మోర్ కొట్టాడు.

అయితే ఇంత సరంజామాతో అడవి అంచు దాటి రామదాసు కట్టించిన గుడి దాకా చేరడం తేలిక కాదు. 1860లో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు వదిలేశాడు. ఖమ్మం నిజాం ఇలాకాలోనే ఉండిపోయింది. భద్రాచలం మళ్ళీ ఖమ్మంలో కలిసింది 1959లో. అక్కడ గోదావరి మీద వంతెన 1965లో వచ్చింది, అప్పటిదాకా పడవే. రైలు సంగతి సరేసరి: భద్రాచలం రోడ్ అనే స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడి గుడి అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు, అదీ ఏటికి అవతల. వంటపాత్రలతో సహా కదిలే సమాజానికి ఆ చివరి మజిలీయే బరువు. ఆ అవతలి గూడేలకు చేరడం మరీ కష్టం.

సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కించేటన్నే. ఇవాళ రోడ్డుంది, వంతెనుంది, ఖమ్మంలో భక్త రామదాసు పేరిట కళాక్షేత్రమూ ఉంది. శ్రీరామనవమికి భద్రాద్రిలో ఎలాగూ జనం నిండుతారు. కల్యాణం ముగిశాక ఒక వారం సురభిని అక్కడే నిలపండి. ఆ తర్వాత పాల్వంచలో, చర్లలో, దుమ్ముగూడెంలో ఆడించండి. ఖర్చు ప్రభుత్వం భరించాలి. టికెట్టు మాత్రం పెట్టండి, నేల టికెట్టయినా సరే.