ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలి? ముందు పాతవి ఎందుకు పక్కకెళ్ళాయో చూద్దాం

నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే ప్రశ్న. "అన్నా, స్ప్రింగ్ బూట్ నేర్చుకోవాలా, జాంగోనా, నోడా?" ఈ ప్రశ్న వెనక ఉన్న భయం నాకు తెలుసు. కోర్సు ఫీజు ఇంట్లోవాళ్ళు కట్టాలి, మన ఆరు నెలలు పోతాయి. తీరా నేర్చుకున్నాక దానికి మార్కెట్లో విలువ పడిపోతే? అందుకే ఈరోజు సలహా కంటే ముందు చరిత్ర చెప్తా.

మొదట్లో సర్వర్ వైపు ఫ్రేమ్‌వర్కుల్లేవు. 1993లో సీజీఐ అనే పద్ధతి వచ్చింది. బ్రౌజర్ నుంచి రిక్వెస్ట్ రాగానే సర్వర్ ఒక ప్రోగ్రామ్‌ని నడిపి, అది ఇచ్చిన జవాబుని వెనక్కి పంపేది. ఆ ప్రోగ్రాములు చాలామంది పెర్ల్‌లో రాసేవాళ్ళు. చిక్కేంటంటే ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక కొత్త ప్రాసెస్ మొదలవ్వాలి. జనం పెరిగేకొద్దీ సర్వర్‌కి ఆయాసం. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పేజీ కోసం రాసుకున్న టూల్స్‌ని అందరికీ ఇచ్చేశాడు. అదే పీహెచ్‌పీ. హెచ్‌టీఎంఎల్ మధ్యలోనే కోడ్ రాసుకుని, ఫైల్ సర్వర్లో పడేస్తే పేజీ రెడీ. అంత తేలిక కాబట్టే అంతగా పాకింది.

కానీ సైట్ పెద్దదయ్యేసరికి డేటాబేస్ క్వెరీ, లెక్కలు, టేబుల్ రంగు అన్నీ ఒకే ఫైల్లో కలగూరగంప అయ్యేవి. పదిమంది కలిసి పనిచేసే కంపెనీకి ఇది కుదరదు. 2000లో జావా వైపు క్రెయిగ్ మెక్‌క్లానహన్ స్ట్రట్స్ తెచ్చాడు. డేటా ఒకచోట, స్క్రీన్ ఒకచోట, ఏ రిక్వెస్ట్ ఎటెళ్ళాలో చూసే కంట్రోలర్ ఇంకోచోట. ఈ మోడల్ వ్యూ కంట్రోలర్ ఐడియా స్ట్రట్స్‌ది కాదు, 1979లోనే జిరాక్స్ పార్క్‌లో ట్రిగ్వే రీన్‌స్కౌగ్ ఆలోచించింది. స్ట్రట్స్ దాన్ని జావా వెబ్‌కి అలవాటు చేసింది. మన అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల మీద జావా, స్ట్రట్స్, స్ప్రింగ్, హైబర్నేట్ అని వరసపెట్టి కనిపించింది ఆ తర్వాతి కాలంలోనే.

స్ట్రట్స్‌తో ఇబ్బంది ఎక్స్‌ఎంఎల్. చిన్న పేజీ కలపాలన్నా పేజీలకొద్దీ సెట్టింగులు రాయాలి. 2004లో డెన్మార్క్ కుర్రాడు డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్, బేస్‌క్యాంప్ కోసం రాసిన కోడ్ నుంచి రూబీ ఆన్ రైల్స్‌ని విడదీసి బయటపెట్టాడు. "పేర్లు ఒక పద్ధతి ప్రకారం పెట్టు, మిగతా సెట్టింగులు నేను చూసుకుంటా" అనేది దాని లెక్క. 15 నిమిషాల్లో బ్లాగ్ కట్టేసి చూపించిన వీడియో 2005లో సంచలనమైంది. అదే ఏడాది జాంగో బయటికొచ్చింది. అది పుట్టింది అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్ళో ఉన్న ఒక వార్తాపత్రిక ఆఫీసులో. వార్త పొద్దున వస్తే సాయంత్రానికి దాని పేజీ రెడీ కావాలి మరి!

రైల్స్ వెలుగు కూడా కొన్నాళ్ళకి తగ్గింది. 2006లో ట్విట్టర్ మొదలైంది రైల్స్‌తోనే. ట్రాఫిక్ తట్టుకోలేక సైట్ పదేపదే పడిపోయి, స్క్రీన్ మీద తిమింగలం బొమ్మ కనిపించేది. తర్వాత బ్యాకెండ్‌ని మెల్లమెల్లగా స్కాలాకి మార్చుకున్నారు. 2009లో రయన్ డాల్ నోడ్ తెచ్చాడు. దీన్ని టిఫిన్ సెంటర్ లెక్కన చూడండి. ఒక సర్వర్ మీ దోసె అయ్యేదాకా పొయ్యి దగ్గరే నిలబడితే మిగతా టేబుళ్ళు ఎండిపోతాయి. నోడ్ ఆర్డర్ లోపలిచ్చేసి పక్క టేబుల్‌కి వెళ్తుంది, దోసె అయ్యాక పిలిస్తే వచ్చి తీసుకెళ్తుంది. పైగా బ్రౌజర్లో రాసే జావాస్క్రిప్టే సర్వర్లోనూ.

ఇప్పుడు అసలు మలుపు. ఓడిపోయాయి అనుకున్నవాళ్ళు ఊరికే కూర్చోలేదు. 2011లో టేలర్ ఆట్‌వెల్ లారావెల్‌తో పీహెచ్‌పీకి మళ్ళీ ఊపొచ్చింది. 2014లో స్ప్రింగ్ బూట్ 1.0 వచ్చి, ఆ సెట్టింగుల బరువంతా తగ్గించింది. రైల్స్ నేర్పిన పాఠమే, జావా వేషంలో. అటు రైల్స్ కూడా చావలేదు, గిట్‌హబ్, షాపిఫై దానిమీదే ఎదిగాయి.

మార్కెట్లో పేరు తగ్గినంత మాత్రాన రాసిన కోడ్ మాయమవదు. 2017 మార్చిలో స్ట్రట్స్ 2లో ఒక పెద్ద లోపం బయటపడి, ప్యాచ్ కూడా వచ్చింది. అమెరికాలో జనాల అప్పుల చిట్టా దాచే ఈక్విఫాక్స్ కంపెనీ తన పోర్టల్ ఒకదానికి ఆ ప్యాచ్ వేయలేదు. మే నెలలో హ్యాకర్లు అందులోంచే లోపలికెళ్ళారు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. మనం "ఓల్డ్ ఫ్యాషన్" అని నవ్వుకునే కోడ్ వెనక అంతమంది బతుకులున్నాయి.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నా చేతికొచ్చిన మొదటి ప్రాజెక్టు ఇలాంటి పాత జావా అప్లికేషనే. రాసినవాళ్ళెవరూ టీమ్‌లో లేరు, డాక్యుమెంట్ లేదు. రిక్వెస్ట్ ఎక్కడ దిగుతోంది, యూజర్ ఎవరో ఎక్కడ చూస్తోంది, ఏ క్వెరీ నడుపుతోంది, జవాబు ఎలా కడుతోంది అని ఒక్కో అడుగూ వెతికితే దారి దొరికింది. ఆ నాలుగు అడుగులు పెర్ల్ రోజుల్లోనూ ఉన్నాయి, ఈరోజు నోడ్‌లోనూ ఉన్నాయి.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు ఇది. మీరు అప్లై చేసే కంపెనీలు అడుగుతున్నది చూసి మూడింట్లో ఒకటి తీసుకోండి, ఆర్నెల్లు దాన్నే పట్టుకోండి. కానీ ఫీజు కట్టేముందు ఒక వారం కేటాయించి, ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా ఒక లాగిన్ పేజీ రాయండి. పాస్‌వర్డ్ ఎలా దాచాలి, సెషన్ ఎలా గుర్తుపెట్టుకోవాలి అని తల పట్టుకుంటారు. ఆ తలనొప్పి పడ్డాక ఏ ఫ్రేమ్‌వర్క్ తెరిచినా "ఓహో, ఇది ఇందుకా" అని అర్థమవుతుంది. రేపు ఇంకో కొత్త పేరొచ్చినా మీరు సున్నా నుంచి మొదలెట్టక్కర్లేదు.

మీరు రాసిన లాగిన్ పేజీ ఎక్కడ ఆగిపోయిందో కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో అక్కడినుంచే మొదలెడదాం.