ఆంగ్లవాక్యములందు విశేషణ క్రియావిశేషణ వివేకము

ఆంగ్లమున వర్ణనవాక్యములు వ్రాయునపుడు మన విద్యార్థులు పలుమారు తొట్రుపడు చోటొకటి కలదు. 'పూవు కమ్మగా వాసించుచున్నది' అను భావమును వారు 'ది ఫ్లవర్ స్మెల్స్ స్వీట్లీ' అని వ్రాయుదురు. ఉపాధ్యాయుడు తుది 'లీ'ని కొట్టివేసి 'స్వీట్' అని దిద్దును. కారణమడిగినచో 'అది వాడుక' యని చెప్పి యూరకుండుట పరిపాటి. కారణము లేకపోలేదు. అది కొంత మన భాషయందును, కొంత ఆంగ్లభాషాచరిత్రయందును ఉన్నది.

తెనుగున 'అగు' ధాతువునుండి వచ్చిన 'గా' రెండుపనులు చేయును. 'అతడు కోపముగా నున్నాడు' అన్నపుడు కోపము కర్తయొక్క స్థితిని తెలుపును; 'అతడు కోపముగా చూచెను' అన్నపుడు చూచుట యెట్టిదో తెలుపును. రూపమొక్కటియే యగుటచే భేదము మన దృష్టికి రాదు. ఆంగ్లమున నీ భేదమును పదరూపమే చూపవలసియున్నది. 'హి లుక్డ్ ఆంగ్రీ' యన్న కోపము గలవానివలె కనబడెనని యర్థము. 'హి లుక్డ్ ఆంగ్రిలీ' యన్న కోపముతో చూచెనని యర్థము. 'లుక్' అను నొక్క క్రియయే కనబడుటకును చూచుటకును చెల్లుచుండుటచే చిక్కు ఇబ్బడియైనది. 'స్మెల్', 'ఫీల్', 'టేస్ట్' అను క్రియలును ఇట్టివే. ఆ క్రియకు బదులు 'ఈజ్' అనియో 'వాజ్' అనియో చేర్చి చూచినచో వాక్యార్థము నిలిచెనా, అచట విశేషణమే తగును. పూవు 'స్వీట్' అగును గాని 'స్వీట్లీ' కానేరదు.

అట్లని 'లీ' యున్నది క్రియావిశేషణము, లేనిది విశేషణము అని సూత్రము చేసికొన్నచో మరల పొరపాటే. ప్రాచీనాంగ్లమున విశేషణమునకు తుదిని 'ఎ' కారము చేర్చి క్రియావిశేషణము చేయుట సాధారణము. 'హార్డ్', 'ఫాస్ట్', 'డీప్' మొదలైన పదముల పూర్వరూపములకు ఇట్టి జంటలుండెను. తరువాతి శతాబ్దులలో తుది 'ఎ' కారపు టుచ్చారణము క్రమముగా లోపించెను. జంటలోని రెండును ఏకరూపములయ్యెను. 'హి వర్క్స్ హార్డ్' అనునపుడు 'హార్డ్' విశేషణము దారితప్పి వచ్చినది కాదు. తుదియచ్చును కోల్పోయిన నిజమైన క్రియావిశేషణము. ఇక 'లీ' యన, దాని మూలము దేహమను నర్థము గల ప్రాచీనపదము. ఆంగ్లదేశపు క్రైస్తవాలయముల ప్రాంగణద్వారమున శవమును దింపు చావడికి 'లిచ్ గేట్' అను పేరు నేటికిని కలదు. ఆ 'లిచ్' ఈ పదమే. దేహమనుటనుండి రూపము, రూపమునుండి 'వంటి' యను నర్థము కలిగినవి. కనుకనే 'ఫ్రెండ్లీ' యనునది 'లీ' యుండియు విశేషణమే.

ఈ చరిత్రము పదునెనిమిదవ శతాబ్దపు వైయాకరణులకు మనకు తెలిసినంత తెలియదు. 1761 లో జోసెఫ్ ప్రీస్ట్లీ తన చిన్న వ్యాకరణమును ప్రకటించి, జనుల వాడుకయే భాషకు ప్రమాణమని వాదించెను. పిమ్మట ఆమ్లజనివాయువును కనుగొన్న శాస్త్రజ్ఞులలో నొకడుగా ప్రసిద్ధికెక్కినవాడితడే. మరుసటియేట, అనగా 1762 లో, రాబర్ట్ లౌత్ తన పేరు వేయకయే మరియొక వ్యాకరణము వెలువరించెను. లౌత్ సామాన్యుడు కాడు. హెబ్రూకవిత్వమును లోతుగా చదివినవాడు, తరువాత లండను బిషప్పు అయినవాడు. ఆయన అధోజ్ఞాపికలలో షేక్స్‌పియరు, మిల్టను, స్విఫ్టు మొదలగువారి దోషములను ఎత్తిచూపెను. షేక్స్‌పియరు 'హామ్లెట్'లో 'వెల్' అను పదమునకు ముందు 'ఎక్సెలెంట్' అని 'లీ' లేకయే ప్రయోగించుట ఆయనకు దోషముగా తోచినది. తన కాలపు నియమముతో నూటయేబదియేండ్ల వెనుకటి భాషను కొలిచినాడు. నన్నయ తిక్కనల ప్రయోగములను వెనుకటి సూత్రములతో కొలుచుట మనవారికిని అలవాటే గనుక లౌతును మిక్కిలిగా నిందింపజాలము.

ప్రీస్ట్లీ మాట పండితులలో నిలిచినది. బడులలో లౌత్ మార్గమే నెగ్గినది. అందులకు ముఖ్యకారణము లిండ్లీ మర్రే. అమెరికాలో పుట్టి, న్యాయవాదిగా నుండి, యార్కునగరసమీపమున స్థిరపడిన యీయన అచటి బాలికాపాఠశాలకై 1795 లో వ్యాకరణము రచించెను. ఇందు చాలభాగము లౌతునుండి గ్రహించినదే. అది ఆంగ్లదేశమునను అమెరికాలోను దశాబ్దములపాటు మరల మరల ముద్రితమయ్యెను.

ఇట్టి బోధనచే 'లీ' లేనిది మోటు, ఉన్నది శిష్టము అను భ్రాంతి పాతుకొనెను. విచారమును తెలుపుటకు 'ఐ ఫీల్ బ్యాడ్' అనదగినచోట 'బ్యాడ్లీ' యనువారు ఆంగ్లము మాతృభాషగా గలవారిలోనే కలరు. తప్పునకు వెరచి చేసిన తప్పిది. 'హార్డ్'నకు 'లీ' చేర్చి దిద్దబోయినచో నర్థమే తలక్రిందగును: 'హి వర్క్స్ హార్డ్' అన్న వాడు కష్టించి పనిచేయును, 'హి హార్డ్లీ వర్క్స్' అన్న వాడు పనిచేయుట అరుదు.

మన రహదారుల ప్రక్క 'గో స్లో' అను ఫలకమును చూచి 'స్లోలీ' యని యుండవలెనని బాలురకు చెప్పు ఉపాధ్యాయులు లేకపోలేదు. ఫలకము వ్రాసినవాని పక్షమున గొప్పసాక్షి కలడు. షేక్స్‌పియరు 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకమున తొలిపాత్ర తొలిపలుకులలోనే, చంద్రుడు మెల్లగా క్షీణించుచున్నాడని విసుగుకొనుచు, 'లీ' లేని 'స్లో' నే ప్రయోగించినాడు.