ఉదయగిరి ముట్టడిలో మనం ఏ పక్షం?

స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. అందుకని నేను మన చరిత్ర పాఠంలోంచి ఒక ప్రశ్న తీసుకున్నాను. పుట్టిన నేల మీద ప్రేమ మంచిదేనని అందరం ఒప్పుకుంటాం. అది ఎక్కడ దారి తప్పి పక్కవాడి మీద ద్వేషంగా మారుతుంది? పెద్ద పెద్ద దేశాల ఉదాహరణలు చాలానే ఉన్నాయి గానీ, ఉదయగిరి, ఆత్మకూరు దాటకుండానే ఈ సంగతి మాట్లాడుకోవచ్చు.

ముందు కోట సంగతి. ఉదయగిరి కొండ 3,079 అడుగుల ఎత్తు. ఒకప్పుడు కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలు ఉండేవి. పదిహేనో శతాబ్దంలో ఇది ఒరిస్సా గజపతుల చేతికి పోయింది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి వేస్తే, 1514లో గానీ లొంగలేదు. కొన్నేళ్ల తర్వాత విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఆ ముట్టడి గురించి రాశాడు. కోటలో పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు. రాయల వైపు 34,000 కాల్బలం, 800 ఏనుగులు. ఏడాదిన్నర పట్టింది. పైకి పోవడానికి మనిషి వెనక మనిషి నడవాల్సినంత ఇరుకు దారి ఒక్కటే ఉంటే, రాయలు బండలు పగలగొట్టించి దాన్ని వెడల్పు చేయించాడట. అది చాలక ఇంకా దారులు వేయించాడట. ఇంజినీరుగా నా మనసు ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది. ఇవాళ మనం జిలెటిన్ కడ్డీలు పెట్టి పేల్చే పని అది! ఆ కూలీల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

ఈ పాఠం విన్నప్పుడల్లా "మన రాయలు గెలిచాడు" అనుకుని పొంగిపోయేవాళ్లం. మనం అంటే ఎవరం? ముట్టడి వేసినవాళ్లమా, కోటలో ఆకలికి మాడినవాళ్లమా? చుట్టుపక్కల పల్లెల మనుషులు రెండు వైపులా ఉండి ఉంటారు. ఆ ఏడాదిన్నరలో అంత సైన్యానికి గింజలు ఎవరి గాదెల్లోంచి వెళ్లాయో ఊహించడం కష్టం కాదు. ఇక ఆ రాజులు చూడండి. గజపతుల బిరుదుల్లో 'నవకోటి కర్ణాట కలబర్గేశ్వర' ఒకటి. పూరీ గజపతి వంశం ఆ బిరుదును నేటికీ చెప్పుకుంటుంది. రాయల్నేమో కన్నడిగులు తమవాడంటారు, మనం మనవాడంటాం. ఆయన తెలుగులో ఆముక్తమాల్యద రాశాడు. అందులోని కథ తమిళ ఆండాళ్‌ది. యుద్ధాలు ముగిశాక గజపతి కూతుర్ని పెళ్లాడాడు.

ఇంకో సంగతి. గెలిచిన రాయలు ఉదయగిరి కోటలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. హంపీలో కృష్ణాలయం అదే. కృష్ణుణ్ణి కొలిచే రాజే, కృష్ణుణ్ణి కొలిచే మరో రాజు కోటలోంచి దేవుణ్ణి విజయచిహ్నంగా పట్టుకుపోయాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. చరిత్రంతా మతాల మధ్య యుద్ధమే అనేవాళ్లకు ఈ బాలకృష్ణుణ్ణి ఏ గడిలో పెట్టాలో తోచదు.

తర్వాత 1640లలో గోల్కొండ సేనలు వచ్చాయి. కొండ మీద మసీదు, పర్షియన్ శాసనాలు అప్పటి నుంచే. ఆ తర్వాత నవాబుల జాగీరు. చివరి జాగీర్దారుపై 1840 ప్రాంతంలో కంపెనీవాళ్లు కుట్ర నేరం మోపి చెంగల్పట్టుకు పంపేశారు. ఇవాళ ఉదయగిరి పేరు బయట వినపడేది చెక్క స్పూన్లు, ఫోర్కుల వల్ల. వాటిని చెక్కేవారిలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాల ఆడవాళ్లే. ఆత్మకూరు దగ్గర ఏఎస్ పేట దర్గాకు ఎవరెవరు వెళ్తారో మనలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కోట పాత కథ. మద్రాసు కథ మన నాన్నల కాలంలోది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి, 58వ రోజున, డిసెంబరు 15న ప్రాణం వదిలారు. ఆయన పుట్టింది ఆ మద్రాసులోనే. పూర్వీకుల ఊరు పడమటిపల్లె, మన పక్కనున్న కనిగిరి ప్రాంతంలోది. ఆయన పోయాక ఆంధ్ర దేశం అట్టుడికింది. రైల్వే స్టేషన్ల మీద దాడులు, పోలీసు కాల్పులు, చావులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. తెలుగువాళ్లు తమ భాషలో చదువు, పాలన కోరడం న్యాయం. అది ఒకరి నోటి ముందు కూడు లాక్కోవడం కాదు. "మద్రాసు మనదే" అన్న నినాదంలో మాత్రం అక్కడే ఉంటున్న లక్షలాది తమిళుల మాట ఎక్కడుంది? అటువైపు నినాదంలో అక్కడి తెలుగువాళ్ల మాట కూడా లేదనుకోండి.

శ్రీరాములుగారి 1952 దీక్షే అందరికీ గుర్తు. 1946లో ఆయన నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని పస్తున్నారు. అది సొంత ఊరివాళ్ల మీద, సొంత మతంవాళ్ల మీద చేసిన దీక్ష. నా లెక్కలో రెండింటిలో ఇదే కష్టమైనది. పరాయివాడిని ప్రశ్నిస్తే వీధంతా చప్పట్లు కొడుతుంది, మనవాళ్లను ప్రశ్నిస్తే ఇంట్లోవాళ్లు కూడా ముఖం తిప్పుకుంటారు. జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం, సంతోషం. మన పిల్లలకు 1946 సంగతి ఎంతమంది ఉపాధ్యాయులు చెబుతున్నారో కనుక్కోవాలి.

1955లో ఆత్మకూరు నుంచి గెలిచి ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డిగారు శాంతినికేతన్‌లో టాగూరు శిష్యుడు. గురువుగారు 1916లో జపాను వెళ్లి, అక్కడివాళ్లకే జాతీయోన్మాదం ప్రమాదమని చెప్పి వచ్చారు. వాళ్లకు రుచించలేదు. శిష్యుడు స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్లారు, టాగూరు రచనల్ని తెలుగు చేశారు. ఆయన దేశభక్తికి బెంగాలీ అడ్డం రాలేదు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం, ఇది ఇవాళ్టి గొడవ. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాల్లోంచి తలా 5 టీఎంసీలు మద్రాసు తాగునీటికి ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నారు. తెలుగువాళ్ల ఆత్మగౌరవం అని ఓట్లడిగి గెలిచిన మనిషే ఆ సంతకం పెట్టారు. శ్రీశైలం నుంచి బయల్దేరిన ఆ నీళ్లు మన సోమశిలకు చేరి, అక్కడి నుంచి కండలేరు మీదుగా పోయి 1996లో తమిళనాడు సరిహద్దు దాటాయి. నలభై నాలుగేళ్ల కిందట మనది కాకుండా పోయిందని తగలబెట్టుకున్న నగరం మన నీళ్లు తాగింది.

దీని మీద మెట్టప్రాంతంలో కోపం ఉంది, ఉండటం సబబే. సోమశిల జలాశయం కింద కడప జిల్లాలో చాలా ఊళ్లు మునిగాయి. ఉదయగిరి మెట్టలో బోరు వేసి అప్పులపాలైన రైతుకు అంత నీరు దూరంగా పోతుంటే కడుపు మండదా? మా వాటా ఏదని అడగాలి, హైలెవెల్ కాలువ ఎందుకు నత్తనడక నడుస్తోందని అధికారులను, మనం ఓటేసిన నాయకులను నిలదీయాలి. అది ఊరి మీద ప్రేమే. "అరవోళ్లకు మన నీళ్లెందుకు" అన్న మాట మాత్రం వేరు. ఆ మాటతో ఉదయగిరి చేనులో ఒక్క చుక్క పడదు. కాలువ ఆలస్యానికి జవాబు చెప్పాల్సినవాళ్లు మాత్రం హాయిగా తప్పించుకుంటారు.

సంఘానికి ఒక విన్నపం. ఈ ఏడాది ఇప్పుడు బడిలో చదివే పిల్లలను ఒక రోజు కొండ ఎక్కిద్దాం. గుడీ, మసీదూ, కోటగోడా మూడూ చూపిద్దాం. రాయల దారి ఎక్కడ ఉండి ఉంటుందో వాళ్లనే వెతకమందాం. చలికాలం అయితే మంచిది. తెల్లారేసరికి కింద ఉండాలి, మనిషికి రెండు సీసాల నీళ్లు తప్పనిసరి.