ఆకాశం పేరు, మట్టి సమాధి

మీకు అమీర్‌పేట, పంజాగుట్ట పరిచయమే కదా. అమీర్‌పేట పేరును పైగా ప్రభువుల 'అమీర్-ఎ-కబీర్' బిరుదుతో ముడిపెడతారు. వీరి మిగతా బిరుదులనూ గమనించండి: షమ్స్-ఉల్-ఉమ్రా అంటే ప్రభువులలో సూర్యుడు, ఆస్మాన్ జా, ఆకాశమంత ఘనుడు. వికార్-ఉల్-ఉమ్రా 1884లో మొదలుపెట్టిన భవనం పేరు ఫలక్‌నుమా, అంటే ఆకాశ దర్పణం. చివరకు దాన్ని ఆయన నిజాంకే అప్పగించారు.

అయితే వారు నమ్మిన ఇస్లాంలో ఇబ్లీసు పతనానికి కారణం గర్వమే. ఆదాముకు తలవంచనన్నది అతని సొంత నిర్ణయం. అక్కడ బిరుదులు లెక్కకు రావు. మనిషి ఎంచుకున్న నడవడికే లెక్క. ఈ రెండు భావాలూ సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధులలో పక్కపక్కనే కనిపిస్తాయి. గచ్చు లతలలో, పాలరాతి జాలీలలో దర్పం ఏమాత్రం తగ్గలేదు. చాలా సమాధులకు పైకప్పు మాత్రం లేదు. 1902లో మరణించిన వికార్-ఉల్-ఉమ్రా కూడా అక్కడే ఉన్నారు. ఫలక్‌నుమా కొద్ది కిలోమీటర్ల దూరం.