నాడి చెప్పెడు మాట

వైద్యుడు రాగానే మొదట రోగి మణికట్టు పట్టుకొనుట మీరందఱు నెఱిగినదే. ఆ వ్రేళ్లక్రింది నాడికొక చరిత్ర గలదు. దానినే నేడు మీకు మనవి చేయదలచితిని.

శార్ఙ్గధరసంహితలో నాడినడకను పాముతోను, కప్పతోను, హంసతోను పోల్చిరి. నిలిచి నిలిచి నడచు నాడి ప్రాణాంతకమనియు నందు గలదు. ప్రమాదమున్నదని పూర్వులు వ్రేలికొనతో కనిపెట్టిరి. కాని యది యే మార్గమున వచ్చునో తెలియుటకు చిరకాలము పట్టినది.

1628లో ఆంగ్లవైద్యుడగు హార్వే, గుండెయే రక్తమును దేహమంతట త్రిప్పుచున్నదని నిరూపించెను. ఇరువదవ శతాబ్దారంభమున హాలెండులో ఐంథోవెను పండితుడు గుండెలోని విద్యుత్తును గీతలుగా గీయు యంత్రమును నిర్మించెను. అందులకు 1924లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. ఆ గీతల సాయముననే 1909లో లండనులో థామస్ లూయిస్, క్రమము పూర్తిగా తప్పిన నాడికి మూలము గుండెయొక్క పైగదులలో నున్నదని తేల్చెను. ఆ గదులు చక్కగా ముడుచుకొనుట మాని యూరక వణకుచుండును.

పాఱని కాలువలో నాచు పట్టినట్లు, అచట నిలిచిన రక్తము గడ్డకట్టును. ఆ గడ్డ కొట్టుకొనిపోయి మెదడు నాళమున చిక్కుకొనినచో పక్షవాతము కలుగును. పక్షవాతము గాలి సోకుటవలన వచ్చునని నేను చిన్ననాట వింటిని. గాలి కాదు, నెత్తుటిగడ్డ! అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1948లో మొదలైన పరిశీలనము, ఇట్టి నాడిగలవారికి పక్షవాతభయము సుమారు 5 రెట్లని 1991లో తెలిపెను.

ఇక మందు కథ విచిత్రమైనది. 1920 తరువాత కెనడాలో బూజుపట్టిన క్లోవరు మేత తిన్న పశువులు నెత్తురు గడ్డకట్టక చచ్చుచుండెను. ఆ విషమును విస్కాన్సిను విశ్వవిద్యాలయమున లింకు పండితుడును ఆయన శిష్యులును వేఱుపఱచిరి. దాని సంతతియగు వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా వెలువడి, 1954 నాటికి మనుష్యులకు ఔషధమైనది. పిమ్మట నూతనౌషధములును వచ్చినవి.

నాడి ఎప్పుడైన నొకసారి తడబడినంతమాత్రమున భయపడ నక్కఱలేదు. కాని పెద్దలు అప్పుడప్పుడు మణికట్టు పట్టి చూచుకొనవలెను. నడక క్రమము తప్పియే యున్నచో ఆసుపత్రికేగి గుండెగీతలు తీయించుకొనుడు. వైద్యుడిచ్చిన మందు తమంతట తాము మానరాదు. మూతి వంకరపోయి, చేయి చచ్చుబడి, మాట తడబడినచో, ఆకుపసరులతో ప్రొద్దుపుచ్చక తక్షణమే పెద్దాసుపత్రికి చేర్చుడు. అచట గడియ యాలస్యమైనను మెదడునకు నష్టమే.