మా పెరటి చిలగడదుంప

చిలగడదుంప మా కొండల్లో పుట్టినది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు ఓడల వెంట సముద్రం దాటి ఈ దేశానికి వచ్చింది. అడవిలో దుంపలు తవ్వుకుని తినడం మా తాతల నాటికే తెలిసిన విద్య. అందుకే ఈ కొత్త దుంప మా పెరట్లో పరాయిదిగా ఉండిపోలేదు.

తర్వాత కొండ నుంచి సముద్రానికి ప్రయాణం మొదలైంది. 1933లో విశాఖ రేవు తెరిచారు. 1960లలో అనంతగిరి, అరకు కొండలను తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. బస్తర్ ఆదివాసుల బైలదిల్లా కొండల ఇనుపరాయి ఆ దారినే రేవుకు దిగి జపాన్ వెళ్లింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఆ రాయి వెనుకే పని వెతుక్కుంటూ మేమూ కొండ దిగాం.

నగరంలో అద్దె ఇంటి వెనుక జానెడు నేల దొరికినా మా ఆడవాళ్లు ముందు తీగ నాటుతారు. మూరెడు ముక్క కోసి, రెండు మూడు కణుపులు మట్టిలో ఉండేలా బోదె మీద పెడతారు. నాలుగు నెలలకు దుంప ఊరుతుంది. తవ్విన వెంటనే వండం. కొన్నాళ్లు నీడన ఉంచితే తీపి పెరుగుతుంది. ఊళ్లో నిప్పుల బూడిదలో కాల్చి చోడి అంబలితో తినేవాళ్లం. ఇక్కడ గ్యాసు పొయ్యి మీద ఉడకబెడుతున్నాం.

ఈ పంటకు తీగే విత్తనం. ఎవరి పెరట్లోనూ తీగ మిగలకపోతే ఆ రకం పోయినట్టే. విశాఖ చరిత్రలో ఓడలు, రైళ్లు, కొలుములు ఉన్నాయి. మా పెరడు లేదు. కాబట్టి మేమే రాస్తున్నాం. ఈసారి పండక్కి ఊరెళ్తే, అమ్మమ్మ పెరట్లోంచి ఒక తీగ తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుందాం.